మత్తు అనే ఒక్క మాట

మూడు వారాల లేగదూడ నుదుటి మీద చేయి వేసి, చెవుల పైకి మెల్లగా జరిపి చూడండి. అటొకటి ఇటొకటి వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోట్లు తగులుతాయి. సంతలో సుడులు చూసి బేరమాడే పెద్దలు చెప్పే మంచిచెడ్డల మాట ఎలా ఉన్నా, ఈ రెండు సుడులు మాత్రం నిజమే చెబుతాయి. వాటి కింద కొమ్ములు మొలవబోతున్నాయి. పుట్టుకతోనే కొమ్ములు రాని జాతి దూడకు ఈ రెండూ ఉండవు, నుదుటి నడుమ ఒకటే సుడి ఉంటుంది.

సుడి మీద వేలు అదిమితే చొక్కా గుండీ అంత గట్టి బొడిపె తెలుస్తుంది. చర్మాన్ని పక్కకు లాగితే అదీ చర్మంతో పాటే జరుగుతుంది. అదే కొమ్ము మొగ్గ. ఇంకా పుర్రెకు అంటుకోలేదు.

‘ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి’ అనే సామెతను మనుషుల పొగరు గురించే వాడతాం గానీ, దాన్ని మొదట అన్నవాళ్లు పశువును దగ్గరగా చూసినవాళ్లే అయి ఉండాలి. దూడ చెవులతో పుడుతుంది, కొమ్ము వెనక వస్తుంది. ఎక్కడి నుంచి వస్తుంది? పుర్రె ఎముకే పెరిగి బయటికి పొడుచుకొస్తుందని చాలాకాలం అనుకున్నారు. అమెరికాలోని మెయిన్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్లిన్ డవ్ అనే జీవశాస్త్రవేత్త 1933లో ఒక పని చేశాడు. ఒక్క రోజు వయసున్న ఐర్‌షైర్ కోడెదూడ తల మీద రెండు మొగ్గలనూ కోసి తీసి, నుదుటి నడుమ పక్కపక్కనే అతికించాడు. అవి ఒకటిగా కలిసి, కింది ఎముకకు అతుక్కుని, ఆ దూడ పెద్దదై ఒంటికొమ్ము ఆబోతు అయింది. కొమ్ముకు విత్తనం చర్మంలో ఉందని, ఎముక దాని పిలుపుకు జవాబిస్తుందని ఆ ఆబోతు నుదురే రుజువు చేసింది.

పాడి రైతు తొందరపడేది కూడా ఇందుకే. రెండు నెలల లోపు మొగ్గను చర్మంలో ఉండగానే తీసేస్తే కొమ్ము రాదు. ఆ తర్వాత అది ఎముకకు కరుచుకుంటుంది. ఆరేడు నెలలు దాటాక నుదుటి ఎముకలోని గాలి గది కొమ్ము బోలులోకి కూడా సాగుతుంది. అప్పుడు కొమ్ము కోస్తే పుర్రెలోకి దారి తెరిచినట్టే.

అసలు కొమ్ములు తీయడమెందుకని మనలో చాలామందికి అనిపిస్తుంది. గుంజకొకటిగా కట్టేసిన రెండు ఎడ్లు, ఒక ఆవు ఉన్న ఇంట్లో ఆ అవసరం రాదు. కనుమ నాడు కొమ్ములకు రంగులు పూసి మురిసిపోయే ఊళ్లో అది తలవంపు కూడా. కానీ 40, 50 జెర్సీ, హోల్‌స్టీన్ సంకర ఆవులను కట్టకుండా ఒకే కొట్టంలో వదిలేసే డెయిరీలో లెక్క మారుతుంది. దాణా తొట్టి దగ్గర తోసుకున్నప్పుడు కొమ్ము పక్క ఆవు డొక్కలో దిగుతుంది, పొదుగు చీలుస్తుంది, పాలు పితికే మనిషి కంటికీ ప్రమాదమే. ఆ అవసరాన్ని నేను కాదనను. చేసే తీరు గురించే నా బాధంతా.

తీరు ఇదీ. చివర గిన్నెలా గుంట ఉన్న ఇనుప కడ్డీని కరెంటుతోనో గ్యాస్‌తోనో సుమారు 600 డిగ్రీల సెల్సియస్ దాకా కాలుస్తారు. మొగ్గ మీద బోర్లించి తిప్పుతూ 10 నుంచి 20 సెకన్లు అదిమి పడతారు. మొగ్గ చుట్టూ రాగి రంగు వలయం కనబడితే దానికి రక్తం అందించే నాళాలు కాలిపోయినట్టు. తర్వాత రెండోవైపు. ఇంకో పద్ధతి కాస్టిక్ ముద్దో కడ్డీనో రుద్దడం. పొగ రాదు, చప్పుడు ఉండదు కాబట్టి అది మెత్తని పద్ధతి అనిపిస్తుంది. నా దృష్టిలో అది పొరపాటు. ఆ క్షారం కండను కరిగిస్తూ గంటల తరబడి లోపలికి దిగుతూనే ఉంటుంది, వాన పడితే కంట్లోకీ కారుతుంది.

మందేమీ ఇవ్వకుండా కాల్చితే దూడ ఏం చేస్తుందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ముందుకాళ్ల మీద కూలబడుతుంది, లేస్తుంది, వెనక్కి గుంజుతుంది, తోక ఆగకుండా కొట్టుకుంటుంది, నోరు తెరిచి అరుస్తుంది. నలుగురు మనుషులు మీద పడి పట్టుకోవాలి. ‘పది సెకన్లే కదా’ అంటారు. ఆ పది సెకన్ల తర్వాత జరిగేది ఎవరూ నిలబడి చూడరు కాబట్టి అలా అనగలుగుతారు.

చిత్తూరు జిల్లాలో ఒక పాడి రైతు కొట్టంలో నేను ఈ పని చూశాను. అక్కడి పశువుల డాక్టరు శ్రద్ధ ఉన్న మనిషి. దూడ మెడకు చిన్న సూది వేశారు. అయిదు నిమిషాల్లో దాని తల బరువెక్కింది. కింది పెదవి జారింది, నోటి నుంచి సన్నని తీగలా చొంగ కారింది. ముందుకాళ్లు మడిచి, పొట్ట మీద మెల్లగా కూలబడింది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. ఇంటావిడ గోనెపట్టా తెచ్చి వీపు మీద కప్పింది. డాక్టరు రెండో సిరంజి తీసి కంటికీ మొగ్గకూ నడుమ తడుముతుంటే ఆవిడ ఆశ్చర్యపోయింది.

“మత్తు సూది ఏసినారు గదా సార్, ఇంక దానికి నొప్పేముంది?”

“అది నిద్రపొయ్యిందమ్మా. నొప్పి నిద్రపోలేదు.”

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆయన ఆ ఒక్క మాటలో చెప్పేశారు.

చిక్కు కొంత మన భాషలోనే ఉంది. పంటి డాక్టరు చిగురుకిచ్చేది మత్తు. కాన్పు ఆపరేషన్‌కు వెన్నులో ఇచ్చేది మత్తు. గుండె ఆపరేషన్‌కు మనిషిని పూర్తిగా స్పృహ తప్పించేదీ మత్తే. కల్లు తాగినవాడికి ఎక్కేదీ, ఎండన పడి వచ్చి అన్నం తిన్నవాడి కళ్లమీదికొచ్చేదీ మత్తే. ఒక్క మాట ఇన్ని పనులు చేస్తుంటే, అవన్నీ ఒకటే పని అనిపిస్తుంది. శరీరం లోపల మాత్రం ఇవి వేర్వేరు చోట్ల జరిగే వేర్వేరు సంగతులు. దూడకు మొదట వేసిన సూది మెదడుకు. దాని పేరు జైలజీన్.

జైలజీన్ పశువుల కోసం పుట్టిన మందు కాదు. జర్మనీలో బేయర్ సంస్థ 1962లో దాన్ని రక్తపోటు తగ్గించే మందుగా తయారుచేసింది. మనుషులకిస్తే రక్తపోటుతో పాటు మనిషే సోలిపోయాడు. గుండె వేగం పడిపోయింది. మనుషుల వైద్యం దాన్ని వదిలేస్తే పశువైద్యం అందుకుంది.

అది పనిచేసే తీరు అందంగా ఉంటుంది. మెదడు కాండంలో నీలపు చుక్క అని పేరున్న చిన్న నాడీకణాల గుంపు ఉంది. మనల్ని మెలకువగా, అప్రమత్తంగా ఉంచే నారడ్రినలిన్‌ను మెదడంతా వెదజల్లేది అదే. వెదజల్లడం మితిమీరకుండా ఆ కణాలకే ఒక ఏర్పాటు ఉంది. మేడ మీది నీళ్ల ట్యాంకులో బంతి వాల్వు చూసే ఉంటారు. నీళ్లు పైకొచ్చేకొద్దీ బంతి లేచి వాల్వు మూసుకుంటుంది. ఈ కణాల కొసల మీదా అలాంటి గ్రాహకాలున్నాయి. నారడ్రినలిన్ తగినంత వచ్చాక అదే వెనక్కి తిరిగి వాటికి తగిలి, ఇక చాలు అని చెబుతుంది. జైలజీన్ ఆ బంతిని చేత్తో పైకెత్తి పట్టుకుంటుంది. ట్యాంకు ఖాళీగా ఉన్నా వాల్వు మూసుకునే ఉంటుంది. మెలకువ సన్నగిల్లుతుంది, భయం జారిపోతుంది, కండరాలు వదులవుతాయి.

ఈ మందు విషయంలో ఆవు జాతికీ గుర్రానికీ ఉన్న తేడా ప్రాణాల మీదికి తెచ్చేంతది. గుర్రానికి నరంలో కిలో బరువుకు సుమారు 1.1 మిల్లీగ్రాములు ఇస్తారు. పశువుకు అందులో పదో వంతు చాలు. దూడకు కండలో ఇచ్చేటప్పుడు కిలోకు 0.1, 0.2 మిల్లీగ్రాముల దగ్గర ఆగుతారు. 40 కిలోల దూడకు 0.2 లెక్కన వేసుకున్నా 8 మిల్లీగ్రాములే. మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములుండే సీసా నుంచైతే 0.4 మిల్లీలీటరు, సిరంజిలో కంటికి ఆనీ ఆననంత. అదే మందు గుర్రాల కోసం మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల చిక్కదనంతోనూ దొరుకుతుంది. సీసా మారితే అయిదు రెట్లు పడిపోతుంది. దూడ బరువు తూచకుండా ‘ఆ, ఓ అర సీసీ లాగు’ అనే అలవాటు ఇక్కడ పనికిరాదని నేను గట్టిగా నమ్ముతాను.

మగతలో ఉన్న దూడను ఒంటరిగా వదలకూడదు. గుండె నెమ్మదిస్తుంది, ఊపిరి పలచనవుతుంది. ఒంటి వేడి పడిపోతుంది, చలికాలం తెల్లవారుజామున ఇది చిన్న విషయం కాదు, అందుకే ఆ గోనెపట్టా. పక్కకు పడుకోబెట్టకుండా పొట్ట మీద కూర్చోబెట్టి, మూతి కిందికి వాలేలా తల పెట్టాలి, లేకపోతే చొంగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పెద్ద పశువులో నెమరు పొట్ట కదలడం మానేసి ఉబ్బరం కమ్ముతుంది. మూడు వారాల దూడకు ఆ పొట్ట ఇంకా చిన్నదే కాబట్టి ఆ భయం తక్కువ. అవసరమైతే మగతను వెనక్కి తిప్పే విరుగుడు మందులు, టొలాజొలిన్, అటిపామెజోల్ వంటివి ఉన్నాయి. సీసాను తాళం వేసి ఉంచాలన్నది మరో జాగ్రత్త. అమెరికాలో ఈ పశువుల మందునే ఫెంటనిల్ అనే మాదకద్రవ్యంలో కలిపి అమ్ముతున్నారు. ప్రాణాలు పోతుంటే 2023 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం ఆ మిశ్రమాన్ని దేశానికి కొత్త ముప్పుగా ప్రకటించాల్సి వచ్చింది.

సరే, దూడ సోలిపోయింది. కదలడం లేదు. ఇప్పుడే కాల్చేస్తే?

జైలజీన్‌కు నొప్పిని కొంత అణిచే గుణం ఉంది, వెన్నుపాములో అది కొద్దిగా పనిచేస్తుంది. కానీ 600 డిగ్రీల ఇనుము ముందు ఆ కొద్ది ఏపాటిది? మగత మందు మాత్రమే ఇచ్చి కాలిస్తే దూడ తల విదిలిస్తుంది, కాళ్లు గుంజుకుంటుంది, గుండె పరుగెడుతుంది. విదిలింపు బలహీనంగా ఉంటుంది, అంతే. పట్టుకునే మనుషులకు పని తేలికవుతుంది. చూసేవాళ్ల మనసూ తేలికవుతుంది. నాకు భయం వేసేది అక్కడే. మగత ఒక్కటే వాడితే దూడ నొప్పి తగ్గకుండా మన ఇబ్బంది మాత్రం తగ్గుతుంది.

కదలికను నొప్పికి కొలమానంగా పెట్టుకున్న పొరపాటు పశువుల దగ్గరే జరగలేదు. 1980ల దాకా నెలలు నిండకుండా పుట్టిన మానవ శిశువులకు కండరాలు బిగుసుకోకుండా చేసే మందు, పేరుకు కాస్త నైట్రస్ ఆక్సైడ్ ఇచ్చి గుండె దగ్గర ఆపరేషన్లు చేసేవారు. పసివాళ్ల నరాలు ఇంకా పండలేదు, నొప్పి తెలియదు అన్న నమ్మకం. బిడ్డ కదలదు, కదలలేదు కాబట్టి. ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేస్తున్న భారతీయ వైద్యుడు కె.జె.ఎస్. ఆనంద్, ఆయన సహచరులు 1987లో ‘లాన్సెట్’లో ప్రచురించిన అధ్యయనం ఆ నమ్మకాన్ని పడగొట్టింది. అదే ఆపరేషన్‌కు కొందరు శిశువులకు అదనంగా ఫెంటనిల్ అనే బలమైన నొప్పి మందు ఇచ్చారు. ఇవ్వని శిశువుల రక్తంలో ఒత్తిడి హార్మోన్లు ఎగసిపడ్డాయి, ఆపరేషన్ తర్వాత చిక్కులూ వాళ్లకే ఎక్కువ వచ్చాయి. పైకి బిడ్డలందరూ ఒకేలా నిశ్చలంగా ఉన్నారు. లోపల మాత్రం రెండు వేర్వేరు కథలు. (వీధిలో ప్రాణాలు తీస్తున్న ఫెంటనిల్ ఈ పసివాళ్లకు ప్రాణం పోసింది. మందుకు మంచీ చెడూ ఉండవు, చేతికి ఉంటాయి.)

పశువు మనిషి శిశువు కంటే ఇంకా గుంభన. గడ్డి మేసి బతికే జంతువు, వేటాడే జంతువు కంటపడుతూ లక్షల ఏళ్లు బతికిన జంతువు. కుంటినా మూలిగినా మొదట బలయ్యేది తనే. బాధను దాచుకోవడం దాని ఒంట్లో ఇంకిపోయింది. అది మౌనంగా నిలబడితే హాయిగా ఉందని అనుకోవడానికి వీల్లేదు.

అందుకే రెండో సిరంజి. దూడ కంటి బయటి కొసకూ కొమ్ము మొగ్గకూ మధ్య వేలు జరిపితే సన్నని ఎముక గట్టు తగులుతుంది. దాని అంచు కింద, చర్మానికి దగ్గరలోనే, ముఖానికి వచ్చే అయిదో కపాల నాడి కొమ్మ ఒకటి మొగ్గ వైపు పోతుంది. దాన్ని కొమ్ము నరం అందాం. గట్టు మధ్య భాగంలో ఒక్కో పక్క 5 మిల్లీలీటర్ల దాకా 2 శాతం లిగ్నోకెయిన్ ఎక్కిస్తే, మొగ్గ నుంచి మెదడుకు పోయే తీగను తెంచినట్టే. ఈ మందును స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో తయారుచేశాడు. ఆయన దగ్గర పనిచేసిన కుర్రవాడు బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ తన ఒంటి మీదే పొడుచుకుని పరీక్షించాడు. నరం పొడవునా సోడియం అయాన్లు లోపలికి దూకడంతోనే కబురు ముందుకు సాగుతుంది. లిగ్నోకెయిన్ ఆ ద్వారాలకు లోపలి నుంచి గడియ వేస్తుంది. కాలిన చోట నరం కేకలు వేస్తూనే ఉంటుంది, కేక మెదడు దాకా చేరదు.

గడియ పడటానికి టైము కావాలి. ఆ రోజు డాక్టరు పది నిమిషాలు ఊరికే కూర్చున్నారు. తర్వాత సూది మొనతో మొగ్గ చుట్టూ గుచ్చి చూశారు. ఒక పక్క దూడ కనురెప్ప అదిరింది. ఇంకొంచెం మందు వేసి మళ్లీ ఆగారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఈ రెండో ఆగడం చూశాకే.

మగత మందు అసలు విలువ కూడా ఇక్కడే తెలుస్తుంది. పెనుగులాడుతున్న దూడ తలలో సన్నని ఎముక గట్టు కింద సూదిని సరైన చోట దించడం ఎంత నేర్పరికైనా కష్టం. అంగుళం తప్పితే నరం మొద్దుబారదు, బారిందని మనం అనుకుంటాం. దూడ సోలి ఉంటే సూది గురి తప్పదు. మనుషులు మీద పడి అదిమే భయం దూడకు తప్పుతుంది, సూదుల పోటే ఒక హింస కాకుండా పోతుంది. అంటే మగత చేసే మేలు కాల్చే ఇనుముకు ఎదురు నిలవడం కాదు, దానికి ఎదురు నిలిచే మందుకు దారి చేయడం.

ఇనుము పెట్టారు. వెంట్రుకలు కాలిన వాసన కొట్టమంతా నిండింది. దూడ చెవి కూడా కదపలేదు.

ఇంతటితో కథ అయిపోయిందనుకుంటే లిగ్నోకెయిన్ మనల్ని మోసం చేస్తుంది. దాని గడియ సుమారు రెండు గంటల్లో ఊడిపోతుంది. న్యూజిలాండ్‌లోని మాసీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మెల్లర్, కెవిన్ స్టాఫర్డ్ బృందం 1990ల్లో ఏళ్ల తరబడి చేసిన పని దీని గురించే. కొమ్ములు తీసిన దూడల నుంచి గంట గంటకూ రక్తం తీసి, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను ఎలా లేచి ఎలా దిగుతుందో గీతలు గీశారు. మందు ఇవ్వకుండా కొమ్ము కోసిన దూడలో గీత అరగంటలోపే ఎగసి, దిగడానికి ఏడెనిమిది గంటలు పట్టింది. లిగ్నోకెయిన్ ఇచ్చిన దూడల్లో మొదట గీత నేలమట్టంగా ఉంది. చూసేవాళ్లకు సంతోషం. మందు దిగిపోయే వేళకు ఆ గీత కూడా లేచింది. బాధ రద్దు కాలేదు, వాయిదా పడిందంతే. అప్పటికి పనివాళ్లు కడ్డీ చల్లార్చుకుని వెళ్లిపోయి ఉంటారు.

అప్పుడు నొప్పి పుట్టించేది ఇనుము కాదు, దూడ సొంత శరీరమే. కాలిన అంచుల్లో దెబ్బతిన్న కణాలు ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారుచేస్తాయి. అవి చుట్టూ ఉన్న నరాల కొసలను సున్నితం చేసి, గాలి తగిలినా మండేట్టు చేస్తాయి. దీన్ని ఆపేది మూడో రకం మందు, వాపునూ నొప్పినీ తగ్గించేది. మాసీ బృందం లిగ్నోకెయిన్‌కు తోడు కీటోప్రొఫెన్ కూడా ఇస్తే రెండోసారి లేవాల్సిన గీత లేవనే లేదు. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం వాళ్లు మెలాక్సికామ్‌తో ఇలాంటి మేలే చూశారు. ఆ మందు పశువు ఒంట్లో ఒక రోజుకు పైగా నిలుస్తుంది కాబట్టి ఒక్క సూదితో సరిపోతుంది.

మన దేశంలో ఈ రెంటిలో ఏది ఎంచుకోవాలన్న ప్రశ్నకు జవాబు ఆకాశంలో ఉంది. పశువులకు వాడిన ఇదే కోవ మందు డైక్లోఫెనాక్ చచ్చిన పశువు మాంసంలో మిగిలి, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసి కోట్ల పక్షులను పొట్టన పెట్టుకుంది. 2006లో ప్రభుత్వం దాన్ని పశువైద్యంలో నిషేధించింది. కీటోప్రొఫెన్ కూడా రాబందులకు విషమేనని తేలాక 2023లో దాన్నీ, అసిక్లోఫెనాక్‌నూ నిషేధించారు. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదు. బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట అంచుల మీద గూళ్లు పెట్టిన పొడుగు ముక్కు రాబందుకూ, చిత్తూరు కొట్టంలో దూడకూ మధ్య ఇలాంటి బంధుత్వం ఉందని ఈ విషయం చదవకముందు నాకు తట్టలేదు. డాక్టరు ఆ రోజు మూడో సిరంజిలో నింపింది మెలాక్సికామే.

ఒక రోజు గడిస్తే సరిపోతుందా? కాలిఫోర్నియాలోని డేవిస్‌లో సారా అడ్‌కాక్, కసాండ్రా టక్కర్ కాల్చిన గాయాలను మానేదాకా వెంబడి చూశారు. కొత్త చర్మం పూర్తిగా కప్పడానికి సగటున తొమ్మిది వారాలు పట్టింది. అన్నాళ్లూ ఆ చోటు ముట్టుకుంటే దూడ బెదిరేది. మూడు వారాల నాటి గాయంతో ఉన్న దూడలకు ఎక్కడ ఉంచి నరం మొద్దుబార్చారో ఆ చోటంటే ఇష్టం ఏర్పడిందని కూడా వాళ్లు చూపించారు. ఎవరూ ముట్టుకోనప్పుడు కూడా లోపల ఏదో సలుపుతూ ఉంటేనే కదా, ఆ సలుపు ఆగిన చోటు తీపిగా గుర్తుండేది.

నన్ను అన్నిటికంటే కదిలించింది 2013లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరిశోధన. దూడలకు రంగు తెరలతో ఒక ఆట నేర్పారు. ఒక రంగు తెరను మూతితో తాకితే పాలు వస్తాయి. ఇంకో రంగును తాకితే పాలు రావు, కాసేపు ఆట ఆగిపోతుంది. తెలుపు, ఎరుపు నేర్చుకున్నాక ఆ రెంటికీ మధ్య ఉండే గులాబీ ఛాయలు చూపించారు. పాలు వస్తాయో రావో తెలియని రంగులు. మామూలు దూడ ఆశతో వెళ్లి తాకి చూస్తుంది. కొమ్ము మొగ్గలు కాల్చాక అవే దూడలు అదే గులాబీ రంగు ముందు వెనకాడాయి. నొప్పి తల మీది గాయంలోనే ఆగిపోలేదు. ఈ లోకంలో తనకు మంచి జరుగుతుందన్న ఆశను కూడా తగ్గించింది. పాలు తాగే పసిదానికి ఆశ ఉంటుందని, దాన్ని కొలవవచ్చని తెలిశాక పది సెకన్ల మాట మళ్లీ నా నోట రాలేదు.

చట్టాలు ఈ జ్ఞానాన్ని తలో తీరుగా అందుకున్నాయి. న్యూజిలాండ్‌లో 2019 అక్టోబరు 1 నుంచి నరం మొద్దుబార్చకుండా కొమ్ము మొగ్గ తీయడం నేరం. బ్రిటన్‌లో వారం దాటిన దూడకు అది ఎప్పటి నుంచో తప్పనిసరి. జర్మనీ చట్టం ఆరు వారాల లోపు దూడకు మొద్దుబార్చే మందు లేకుండానే చేయనిస్తుంది. చిన్నదాని నొప్పి చిన్నదనే పాత నమ్మకం అక్కడ ఇంకా ఊపిరి పీలుస్తోంది. మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్, ‘నిర్ణీత పద్ధతిలో’ చేస్తే కొమ్ములు తీయడం, విత్తులు కొట్టడం, వాతలు వేయడం, ముకుతాడు వేయడం హింస కిందికి రావంది. ఆ పద్ధతి ఏమిటో 2023లో వచ్చిన నియమాలు చెప్పాయి: రిజిస్టరైన పశువైద్యుడి ప్రమేయం ఉండాలి, మత్తుమందు ఇచ్చే చేయాలి. ఆ ఆదేశం కొట్టం దాకా వచ్చేసరికి మళ్లీ మత్తు అనే ఒక్క మాటగానే వినబడుతుంది.

ముకుతాడు అనగానే నాకు మా ఊరు గుర్తొస్తుంది. కోడెను కాళ్లకు తాళ్లు వేసి పడగొట్టి, ఒకాయన మెడ మీద కూర్చుంటే, ఇంకొకాయన దబ్బనంతో ముక్కు కుట్టేవాడు. చేసినవాళ్లెవరూ కర్కశులు కారు. ఆ కోడెకే రాత్రి లేచి మేత వేసేవాళ్లు, దానికి జబ్బు చేస్తే అన్నం మానేసేవాళ్లు. బర్డిజో పటకారుతో విత్తులు నొక్కే రోజూ అంతే. వాళ్లకు లిగ్నోకెయిన్ సంగతి తెలియదు, తెలిసినా ఆ మందు దొరికే చోటు లేదు. ఇప్పుడు మండలానికో పశువుల ఆసుపత్రి ఉంది, మందు ఉంది, దాని ఖరీదు దూడ జీవితకాలంలో ఇచ్చే పాల పక్కన లెక్కలోకి రాదు. కాబట్టి ఇప్పటి మన నిర్లక్ష్యానికి వాళ్ల పేరు అడ్డం పెట్టుకోవడం న్యాయం కాదు.

అసలు కొమ్మే మొలవకుండా చేయలేమా? ఒకటో క్రోమోజోములో 212 అక్షరాలు రెండుసార్లు రాసి ఉన్న పశువుకు కొమ్ములు రావు, తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా చాలు. అలాంటి ఆబోతుల వీర్యం వాడటం నిదానమైన దారి. జన్యుసవరణతో 2015లో అమెరికాలో రెండు బోడి దూడలను పుట్టించారు, కానీ కోరని బ్యాక్టీరియా డీఎన్ఏ కూడా వాటిలో చేరిందని 2019లో బయటపడింది. స్విట్జర్లాండ్‌లో ఒక రైతు కొమ్ములు ఉంచే వాళ్లకు ప్రభుత్వం డబ్బివ్వాలని దేశమంతటా ఓటింగ్ పెట్టించాడు, 2018 నవంబరులో 54.7 శాతం వద్దన్నారు. ఇవన్నీ జరగవలసిన చర్చలే. అవి తేలేదాకా ఈ రోజు పుట్టిన దూడ ఆగదు, దాని సుడుల కింద మొగ్గ ఆగదు.

ఆ కొట్టంలో దూడ ముప్పావు గంటకు తల ఎత్తింది. కాళ్లు నాలుగు దిక్కులకూ పోతుంటే రెండుసార్లు కూలబడి, మూడోసారి నిలబడింది. తల్లి దగ్గరికి వెళ్లింది. డాక్టరు పెట్టె సర్దుకుని బయల్దేరుతూ ఆ ఇంటావిడతో చెప్పారు: “సాయంత్రం ఒకసారి వచ్చి ఊరికే నిలబడి చూడమ్మా. చెవులు మాటిమాటికీ విదిలిస్తుందా, తల గుంజకేసి రుద్దుతుందా, వెనక కాలితో తల గీరుకుంటుందా చూసి నాకు ఫోన్ చెయ్యి.”

ఆవిడ తలూపింది. పొద్దు వాలాక పాలు పితకడం అయ్యాక, దీపం పట్టుకుని దూడ దగ్గరికొచ్చింది. నేనూ వెంట ఉన్నాను. చాలాసేపు నిలబడ్డాం. దూడ పొదుగులో మూతి పెట్టి తోక ఊపుతూ తాగుతోంది. చెవి ఒకసారి కదిలింది. ఆవిడ దీపం కాస్త పైకెత్తింది. దోమ.